సెల్లుకి సోల్డరింగ్ లేని కాంటాక్టు: ఇత్తడా, ఫాస్ఫర్ బ్రాంజా, బెరిలియం కాపరా, స్టీలు స్ప్రింగా?

18650 సెల్లు (మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే గుండ్రటి లిథియం సెల్లు) మీద నేరుగా సోల్డరింగ్ పెడితే వేడికి లోపలి సీలు దెబ్బతినొచ్చు, రేకుని సెల్లుకి చుక్కలా అతికించే స్పాట్ వెల్డర్ కొనేంత పని అందరికీ ఉండదు. అందుకే రొయ్యల చెరువు గట్టు మీద రాత్రిళ్లు తిరగడానికి సొంతంగా టార్చి లైటు కట్టుకునేవాళ్లు చివరికి నొక్కి పట్టే కాంటాక్టు దగ్గరికే వస్తారు. ఆ నొక్కే ముక్క ఏ లోహంతో చేయాలన్నదే ప్రశ్న. (ఫాస్ఫర్ బ్రాంజ్ అంటే రాగిలో తగరం, కాస్త ఫాస్ఫరస్ కలిపింది; బెరిలియం కాపర్ అంటే రాగిలో కొద్దిగా బెరిలియం కలిపింది.)

అందరూ మొదట చూసేది కరెంటు ఎంత బాగా పారుతుందన్న శాతం. రాగిని 100 అనుకుంటే ఇత్తడి 28 దాకా ఉంటుంది, బెరిలియం కాపర్ 22, ఫాస్ఫర్ బ్రాంజ్ 15 దరిదాపుల్లో, స్టెయిన్‌లెస్ స్టీలు రెండున్నర లోపే. ఈ లెక్కన ఇత్తడే గెలవాలి కదా? కానీ 0.3 మి.మీ. మందం, 8 మి.మీ. వెడల్పు, 2 సెం.మీ. పొడవున్న రేకు తీసుకుంటే కరెంటుకి అడ్డు ఇత్తడిలో అర మిల్లీఓమ్ (మిల్లీఓమ్ అంటే ఓమ్‌లో వెయ్యో వంతు), ఫాస్ఫర్ బ్రాంజ్‌లో ఒక మిల్లీఓమ్. సెల్లు లోపలే పదుల మిల్లీఓమ్‌లు ఉంటుంటే ఈ అర కోసం కొట్టుకోవడం దండగ.

అదే చుట్టల స్ప్రింగయితే కథ వేరు. కరెంటు తీగ పొడవంతా తిరిగి రావాలి. 1 మి.మీ. స్టీలు తీగని 10 మి.మీ. వ్యాసంతో ఐదు చుట్లు చుడితే పదిహేను సెంటీమీటర్లు దాటుతుంది, అంటే నలభై మిల్లీఓమ్‌ల దాకా. 5 ఆంపియర్లు లాగితే 0.2 వోల్టు అక్కడే పోతుంది, ఒక వాట్ వేడి స్ప్రింగులోనే పుడుతుంది. స్టెయిన్‌లెస్ తీగయితే మూడు రెట్ల పైమాటే. తుప్పు పట్టదని మురిసిపోయి అది వేసేవాళ్లు ఈ సంగతి చూడరు.

ఇక ఇత్తడి. మన దగ్గర నేనైతే అసలు వద్దంటాను. ఉప్పు గాలికి చిలుము పట్టడం ఒకటి, ఎక్కువకాలం వంచి ఉంచితే నొక్కుడు తగ్గిపోవడం ఇంకొకటి, వీటన్నిటికంటే పెద్ద చిక్కు అమ్మోనియా. జింకు ఎక్కువున్న ఇత్తడిని వంచి బిగువులో ఉంచి అమ్మోనియా తగలనిస్తే నెమ్మదిగా పగులుతుంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో ఇలాగే పగిలేవట. కోళ్ల రెట్ట నుంచీ అమ్మోనియా వస్తుంది కాబట్టి అనపర్తి, తణుకు వైపు కోళ్ల ఫారంలో వాడే లైటుకి ఇత్తడి రేకు పెట్టడమంటే కోరి తెచ్చుకున్న తలనొప్పి. ఫాస్ఫర్ బ్రాంజ్‌కి ఈ బాధ చాలా తక్కువ, ఉప్పునీటికీ బాగానే తట్టుకుంటుంది.

మరి బెరిలియం కాపర్? స్ప్రింగు గుణంలో దానికి సాటి లేదు, ఒప్పుకోవాల్సిందే. వేడి కూడా బాగా తట్టుకుంటుంది అంటారు గానీ, లిథియం సెల్లునే 60 డిగ్రీలు దాటనివ్వకూడదు, ఫాస్ఫర్ బ్రాంజ్ నూరు డిగ్రీల దాకా నొక్కుడు నిలుపుకుంటుంది, ఇంక ఆ పైవేడి ఓర్పుతో మనకేం పని? అసలు లాభం వేరే చోట ఉంది: చిన్న జాగాలో ఎక్కువ వంగి, మళ్లీ మొదటి రూపానికి రావడం. మామూలు 18650 పొడవు 65 మి.మీ., ప్రొటెక్షన్ బోర్డు (సెల్లుని కాపాడే చిన్న సర్క్యూట్) ఉన్నది 68 నుంచి 70. ఒకే డబ్బాలో రెండూ పట్టాలంటే ఐదు మి.మీ. కదలిక కావాలి. పొట్టి ఫాస్ఫర్ బ్రాంజ్ రేకు అంత వంగితే అలాగే ఉండిపోతుంది, తర్వాత చిన్న సెల్లు పెడితే గలగల కదులుతుంది. దొరికితే, ధర భరించగలిగితే అక్కడ బెరిలియం కాపర్ వాడొచ్చు. కానీ దాన్ని ఆకురాయితో రాయకండి, గ్రైండర్ పెట్టకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. కత్తెరతో కోసుకోవాలి, అంతే.

ఆ ఖర్చెందుకు అనుకుంటే మామూలు స్టీలు స్ప్రింగే పెట్టి, రెండు చివర్లకీ మెత్తని అల్లిక రాగి తీగ సోల్డర్ చేయండి. సోల్డర్ స్ప్రింగుకే, సెల్లుకి కాదు. నొక్కే పని స్టీలుది, కరెంటు మోసే పని రాగిది. కదలిక ఎక్కువ కావాల్సిన చోట నా ఓటు దీనికే. ఒకటే పొడవు సెల్లు వాడేవాళ్లకి మాత్రం నికెల్ పూత వేసిన ఫాస్ఫర్ బ్రాంజ్ రేకే మేలు. సెల్లు డబ్బా మీదా నికెల్ పూతే కాబట్టి రెండూ ఒకదానికొకటి పడతాయి. తగరం పూత చవకే కానీ బండి మీద కుదుపులకి ఆ తాకే చోట నల్లటి పొర కడుతుంది.

పాత సామాన్ల కొట్లో రేకు ఏరుకునేటప్పుడు బొటనవేలితో కొంచెం వంచి వదలండి. తిరిగి నిటారుగా రాకపోతే అక్కడే పెట్టేయండి. పసుపు పచ్చగా ఉంటే ఇత్తడి, కాస్త ఎరుపు తిరిగి ఉంటే బ్రాంజ్ కావచ్చు.

అన్నీ బిగించాక 5 ఆంపియర్ల లోడు పెట్టి, మల్టీమీటర్‌ని మిల్లీవోల్టుల్లో ఉంచి, ఒక ముల్లు రేకు తాకే సెల్లు కొసకే, రెండోది ఆ రేకు అవతలి చివరకి ఆనించండి. 25 మిల్లీవోల్టుల లోపు చూపిస్తే కాంటాక్టు 5 మిల్లీఓమ్‌ల లోపున్నట్టే. ఎక్కువ చూపిస్తే లోహం మార్చే ముందు నొక్కుడు పెంచి, తాకే చోటు తుడిచి మళ్లీ చూడండి.