మెయిన్ ఇన్‌లెట్ వాల్వులు మార్చిన తరువాత ఆరు వర్షాకాలాలు

తూర్పు కనుమల్లోని ఒక పాత జలవిద్యుత్ కేంద్రంలో నేను నిర్వహణ విభాగంలో పనిచేస్తున్నాను. టర్బైన్ల ముందు నీటిని ఆపే పాత బటర్‌ఫ్లై వాల్వులను (పళ్లెంలాంటి తలుపు తిరిగి మూసుకునేవి) తీసి స్ఫెరికల్ వాల్వులు (రంధ్రమున్న బంతిలాంటి భాగం తిరిగి మూసుకునేవి) బిగించి ఆరు వర్షాకాలాలు గడిచాయి. 1955లో ఉత్పత్తి ప్రారంభించిన మాచ్‌ఖండ్ వంటి కేంద్రాలున్న ఈ కొండల్లో ఇదే పని చేపట్టబోయేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

పాత వాల్వును మూసినా నీరు పూర్తిగా ఆగేది కాదు. అరిగిన సీలు (నీరు కారకుండా అంచున ఉండే రింగు) దాటి వచ్చిన నీరు, టర్బైన్‌లోకి నీటిని మళ్లించే రెక్కలైన గైడ్ వేన్ల సందుల్లోంచి దూరి, ఆపిన యంత్రాన్ని మెల్లగా తిప్పుతూనే ఉండేది. అందువల్ల చిన్న మరమ్మతుకైనా జలాశయం దగ్గరి ఇన్‌టేక్ గేటు దించి, నీటిని కిందికి తెచ్చే పెద్ద గొట్టమైన పెన్‌స్టాక్ ఖాళీ చేయవలసి వచ్చేది; దానితో అదే పెన్‌స్టాక్ మీదున్న రెండో యూనిట్ కూడా ఆగిపోయేది. మా హెడ్ (నీరు దిగే ఎత్తు) దాదాపు 200 మీటర్లు, వాల్వు వ్యాసం 2 మీటర్లు, అంటే మూసిన తలుపు మీద 600 టన్నులకు పైగా ఒత్తిడి పడుతుంది. దాని అవతల, టర్బైన్ చుట్టూ నత్తగుల్లలా ఉండే స్పైరల్ కేసింగ్‌లోకి మనుషులను దింపే రోజున నాకు నిద్ర పట్టేది కాదు.

కొత్త వాల్వుకు రెండు సీళ్లు ఉన్నాయి. మరమ్మతు సీలును బిగించి, పెన్‌స్టాక్ నిండుగా ఉండగానే రోజువారీ సీలును మార్చుకోవచ్చు. నా దృష్టిలో ఖర్చుకు తగిన ఫలితం ఇదొక్కటే చాలు. ఒక రాత్రి వాల్వును తెరిచి ఉంచే ఆయిల్ ప్రెషర్ పడిపోయినప్పుడు కౌంటర్ వెయిట్లు (వాల్వుకు తగిలించిన బరువులు) తమంతట తామే, నీటి దెబ్బ (ప్రవాహం హఠాత్తుగా ఆగితే గొట్టంలో పెరిగే ఒత్తిడి) తగలకుండా నిదానంగా దిగి వాల్వును మూయడం దగ్గరుండి చూశాను.

బిగింపు మాత్రం సులువుగా జరగలేదు. కాంక్రీటులో పూడిన పాత ఫ్లాంజి (వాల్వును బోల్టులతో బిగించే గొట్టపు అంచు) డ్రాయింగులో చూపినట్టు లేదు. ముందే కొలతలు తీయించకపోవడం మా పొరపాటు. సీలు రింగును నీటి ఒత్తిడితో కదిలించే గొట్టానికి సరఫరాదారు ఒక్కటే ఫిల్టరు ఇచ్చారు. తొలి వానల్లోనే అది బురదతో పూడుకుపోయి, సీలు రింగు సగంలో ఆగిపోయింది. రెండు ఫిల్టర్లు పక్కపక్కన పెట్టి, ఒకటి కడిగేటప్పుడు రెండోది పనిచేసేలా మార్చుకున్నాం. ఆర్డరులోనే దీన్ని రాయించుకోండి. మొన్నటి తనిఖీలో టార్చి వేసి చూస్తే, సీలు అంచు వెంట సన్నటి తడి చార మాత్రమే కనిపించింది.