మగ్గం వర్క్‌కి లైట్ ప్యాడ్: నాలుగేళ్లు వాడాక

చెన్నై కొళత్తూరులో ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను. కింద డిజైన్ కాగితం, పైన గుడ్డ పెట్టి గీతలు దించుకోవడానికి ఏ3 సైజు ఎల్‌ఈడీ లైట్ ప్యాడ్ ఒకటి 2021 నుంచి వాడుతున్నాను. ముహూర్తాల నెలల్లో రోజుకి ఐదారు గంటలు వెలుగుతూనే ఉంటుంది. అంతకు ముందు ఇంకో కంపెనీది ఎనిమిది నెలలు వాడి అటకెక్కించాను. కంపెనీల పేర్లు రాయడం లేదు. చూడాల్సింది లోపలున్న పలక, ఆ సంగతి తెలియడానికి నాకు ఒక ఆర్డర్ చెడింది.

పీచ్ రంగు టిష్యూ జాకెట్టు. చేతుల నిండా మామిడి పిందెలు, ఒక్కో పిందెలో సన్నటి తీగ. ఒక చెయ్యి ఆ పాత ప్యాడ్ పై భాగంలో పెట్టి దించాను, రెండోది కింది భాగంలో. పనంతా అయ్యాక కస్టమర్ రెండు చేతులూ పక్కపక్కన పరిచి, "అక్కా, ఇటు పక్క తీగలేవి?" అంది. నాలుగు పిందెల్లో తీగ లేదు. నేను మర్చిపోలేదు, అసలు ఆ గీతలే నాకు కనపడలేదు. పూసలు విప్పి మళ్లీ కుట్టడానికి రెండు రాత్రులు పట్టింది.

మా మరిది రిచీ స్ట్రీట్‌లో లాప్‌టాప్ స్క్రీన్లు బాగుచేస్తాడు. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు ప్యాడ్ చేతికిచ్చాను. వెనక మూత ఊడదీసి చూసి, "లైట్లకేం రోగం లేదు వదినా, పలకే తప్పు" అన్నాడు.

ఈ ప్యాడ్‌లో లైట్లు కింద పరిచి ఉండవు. ఒక అంచున వరసగా ఉంటాయి. వాటి వెలుగు మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్ పలక అంచులోంచి లోపలికి దూరుతుంది. అక్రిలిక్‌కి సందిగ్ధ కోణం, పలకకి నిటారు గీత నుంచి కొలిస్తే, సుమారు 42 డిగ్రీలు. పలక ముఖాన్ని అంతకంటే ఏటవాలుగా తాకిన వెలుగు బయటికి రాలేక అటూ ఇటూ కొట్టుకుంటూ ముందుకి పోతుంది. సూళ్లూరుపేటలో తెలుగు మీడియం ఇంటర్‌లో సంపూర్ణాంతర పరావర్తనం అని బట్టీ పట్టింది ఇదే. మార్కులు వచ్చాయి గానీ కంటితో చూసింది మాత్రం ఆ ఆదివారమే. వెలుగు బయటపడాలంటే దారిలో ఏదో అడ్డు తగలాలి. అందుకని పలక వెనక తెల్ల ఇంకుతో చుక్కలు అచ్చు వేస్తారు. చుక్కని తాకిన వెలుగు చెదిరి పైకి వస్తుంది.

కిటుకంతా ఆ చుక్కల్లోనే ఉంది. పెళ్లి బంతిలో మొదటి ఆకులకే గరిటెలు గరిటెలు వడ్డించేస్తే చివరి ఆకుకి గిన్నె అడుగే మిగులుతుంది. లైట్ల దగ్గర వెలుగు పుష్కలం కాబట్టి అక్కడ చుక్కలు చిన్నవిగా, ఎడంగా ఉండాలి. దూరం పోయే కొద్దీ పెద్దవవుతూ దగ్గరపడాలి. నా పాత ప్యాడ్‌లో ఈ చివర నుంచి ఆ చివరకి చుక్కలన్నీ ఒకే సైజు, ఒకే ఎడం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు, నా మామిడి పిందెలకి ఆ అదృష్టం లేకపోయింది. పైగా ఆ చివర వెలుగు కాస్త పసుపుగా కూడా ఉండేది. తెల్ల ఎల్‌ఈడీలో ఉండేది నీలం చిప్పు, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. పలకలో దూరం నడిచే కొద్దీ నీలమే ఎక్కువ అరుగుతుందని మరిది చెప్పాడు.

రెండో ప్యాడ్ కొనేటప్పుడు షాపువాడు ఎన్ని లైట్లున్నాయో చెబుతూనే ఉన్నాడు. నేను బటర్ పేపర్ మీద సన్న పెన్సిల్ గీతలు గీసుకుని వెళ్లాను. దాని మీద టిష్యూ గుడ్డ ఒక మడత, రెండు మడతలు, మూడు మడతలు వేసి నాలుగు మూలల్లోనూ చూశాను. పాతదాంట్లో లైట్ల పక్కన మూడు మడతల్లోంచి గీత కనపడేది, అవతలి అంచున ఒక్క మడతకే మాయమయ్యేది. కొత్తదాంట్లో ఎక్కడ పెట్టినా రెండు మడతలు. లైట్ల పక్కన పాతదే ఎక్కువ ప్రకాశం, అయినా నా పనికి కొత్తదే నయం. దీని అవతలి అంచుకి తెల్ల టేపు కూడా ఉంది. బయటికి పోబోయే వెలుగుని అది మళ్లీ లోపలికి తిప్పుతుంది.

పాతదాన్ని బాగుచేద్దామని మరిది ఒక ప్రయోగం చేశాడు. పగిలిన 24 అంగుళాల మానిటర్‌లోంచి షీట్లు తీసి, కత్తిరించి పరిచాడు. మానిటర్‌లో కూడా ఇలాంటి పలకే ఉంటుంది. పైన వెలుగుని పరిచే డిఫ్యూజర్ షీటు, సన్నటి గాడులతో పట్టకాల (ప్రిజం) షీట్లు అదనం. ఎల్‌సీడీ తెర తన వెనకున్న వెలుగులో పదో వంతు కూడా బయటికి వదలదట, అందుకే వాళ్లకి ప్రతి బొట్టూ విలువే. పట్టకాల షీటు వెయ్యగానే ప్యాడ్ ధగధగలాడింది, సంబరపడ్డాను. తీరా కూర్చుని పని మొదలుపెడితే చీకటి. అది వెలుగుని నిటారుగా పైకి తోస్తుంది, మానిటర్ ఎదురుగా కూర్చునేవాళ్లకి అది మంచిదే. నేను ప్యాడ్ మీదకి పక్కనుంచి వాలి చూస్తాను. తీయించేశాను.

కొత్త ప్యాడ్‌కి దెబ్బ నా వల్లే తగిలింది. డిజైన్ గీతల వెంట చిల్లులు పెట్టే ఖాకా కాగితం దాని మీదే పెట్టి సూదితో గుచ్చాను. పైషీటు దాటి సూది అక్రిలిక్‌కి తగిలిన ప్రతిచోటా ఇప్పుడొక చుక్క మిణుగురులా మెరుస్తుంది. వెలుగుకి అదీ ఒక ద్వారమే మరి. గుచ్చే పని ఇప్పుడు దుప్పటి మడత మీద చేస్తున్నాను.

ఇది అన్ని గుడ్డలకీ పనికిరాదు. ఆర్గంజా, నెట్, టిష్యూ, లేత రంగు కాటన్‌కి భేషుగ్గా ఉంటుంది. ముదురు మెరూన్ పట్టు మీద ఎంత వెలుగు పెట్టినా దండగే, దానికి ఖాకా చిల్లుల మీద కిరోసిన్, పౌడర్ రుద్దే పాత పద్ధతే దిక్కు. నెక్ డిజైన్ సగం గీసి, కాగితం మడిచి రెండో సగం దించుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

యూఎస్‌బీ కాబట్టి కరెంటు లేకపోయినా నడుస్తుంది. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుఫానప్పుడు మా వీధి చీకట్లో ఉంటే, పవర్ బ్యాంక్ పెట్టి తక్కువ వెలుగులో రెండు జాకెట్లకి డిజైన్ దించాను. ఆ తక్కువ వెలుగులో ఫోన్ కెమెరా పెడితే నల్ల చారలు పాకుతూ కనపడతాయి. లైటు మన కంటికి తెలియకుండా ఆరి వెలుగుతోందన్నమాట. ఎక్కువసేపు చేస్తే నాకు తలనొప్పి వస్తుంది, ఫుల్లులో పెడితే రాదు.

కేబుల్ పెట్టే చోటు రెండో ఏడాదికే వదులైంది, రబ్బరు బ్యాండుతో నెట్టుకొస్తున్నాను. వెనక మూత జిగురుతో అంటించేశారు, లైట్ల పట్టీ మార్చాలంటే కష్టమే. పోయిన నెల ఎడమ మూలన రెండు లైట్లు పోయాయి. అక్కడ అంచున నల్లటి చార పడుతోంది. నాలుగు వేళ్ల దూరం దాటేసరికి పక్క లైట్ల వెలుగు కలిసి అది కనపడదు. ప్రస్తుతానికి ఆ మూల కత్తెర పెట్టుకుంటున్నాను.