‘స్క్రాచ్’ ఆల్బమ్: రెండు చేతులు పలికించిన సంగీతం

డగ్ ప్రే దర్శకత్వంలో 2001లో వచ్చిన ‘స్క్రాచ్’ డాక్యుమెంటరీ, హిప్ హాప్ కథను ర్యాపర్ల వైపు నుంచి కాక, వారి వెనుక, రికార్డులు తిప్పే టర్న్‌టేబుళ్ల దగ్గర నిలబడిన డీజేల వైపు నుంచి చెప్పింది. ఆ చిత్రానికి తోడుగా బిల్ లాస్వెల్ నిర్మించిన ఈ ఆల్బమ్‌ను, పెళ్లి బరాత్‌లలోనూ గణేశ్ నిమజ్జనంలోనూ డీజే హోరు మధ్య పెరిగిన వరంగల్, హనుమకొండ యువత శ్రద్ధగా వినాలని నా కోరిక. మన వీధుల్లో డీజే బండికి వచ్చే పేరంతా బాక్సుల వల్ల, గుండెలదిరే బేస్ వల్ల వస్తుండగా, ఈ ఆల్బమ్‌లోని గొప్పతనమంతా మనిషి చేతిది.

ఆల్బమ్ గ్రాండ్ విజార్డ్ థియోడర్‌తో మొదలవడం సముచితం. 1970లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, పాట శబ్దం తగ్గించమని తల్లి మందలించినప్పుడు తిరుగుతున్న రికార్డును చేత్తో ఆపి అటూ ఇటూ కదిపిన ఆ బాలుడే స్క్రాచ్‌కు ఆద్యుడని హిప్ హాప్ లోకం గౌరవిస్తుంది. ఒక చెయ్యి రికార్డును ముందుకూ వెనక్కూ నడుపుతుంటే, రెండో చెయ్యి ధ్వనులు కలిపే మిక్సరుపై ఫేడర్‌ను, అంటే శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీటను, తెరుస్తూ మూస్తూ ఆ ధ్వనిని తుంచుతుంది. డప్పుపై చిర్ర దరువు వేస్తుంటే చిటికెన పుల్ల దాని సందులు నింపినట్లే, ఇక్కడ కూడా రెండు చేతులకూ రెండు వేర్వేరు పనులున్నాయి. తీన్మార్ తెలిసిన చెవికి ఈ విద్య త్వరగానే పట్టుబడుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కట్టిపడేసింది ‘ఇన్వేజన్ ఆఫ్ ది ఆక్టోపస్ పీపుల్’. ఇన్‌విజిబుల్ స్క్రాచ్ పికిల్స్ బృంద సభ్యులు ఒకరు డ్రమ్స్, ఒకరు బేస్, మరొకరు స్క్రాచ్ పంచుకొని, టర్న్‌టేబుళ్లతోనే ఒక వాద్యబృందాన్ని నిలబెట్టారు. మొదటిసారి వింటే గందరగోళంగా అనిపించవచ్చు. ఒక్కో పొరనూ విడిగా వెంబడిస్తే ఎంత కట్టుదిట్టమైన లయ దాగి ఉందో తెలుస్తుంది. ఎక్సిక్యూషనర్స్ బృందం డీజే ప్రీమియర్‌తో కలిసి చేసిన పాట కొత్తవారికి ఇంతకంటే సులువైన ప్రవేశం.

‘రాకిట్ 2.002’ మాత్రం నన్ను పూర్తిగా మెప్పించలేదు. జాజ్ పియానో విద్వాంసుడు హెర్బీ హాంకాక్ 1983లో చేసిన మూల గీతం నిర్మాణంలోనూ లాస్వెల్ ఉన్నాడు. అందులో డీఎక్స్‌టీ అనే డీజే చేసిన స్క్రాచ్ విన్నాకే తాము ఈ దారి పట్టామని చిత్రంలో పలువురు డీజేలు చెబుతారు. కొత్త రూపంలో మిక్స్ మాస్టర్ మైక్, క్యూబర్ట్, రాబ్ స్విఫ్ట్ వంటి ఉద్దండులు చేరడం పండుగే అయినా, మూలంలో ఒక్క చేతికి దొరికిన ఖాళీ ఇక్కడ ఎవరికీ దొరకలేదు.

డాక్యుమెంటరీలో డీజే షాడో పాత రికార్డుల గుట్టల మధ్య కూర్చొని మాట్లాడే ఘట్టానికి సాటి రాగలది ఆల్బమ్‌లో లేదు. వేళ్లు ఎక్కడ కదులుతున్నాయో కంటితో చూడకుండా ఈ విద్యలోని కష్టం సగమే అర్థమవుతుంది కనుక, చిత్రం చూశాకే ఆల్బమ్ వినడం మేలు. ఫోన్ స్పీకరుపై ఫేడర్ చేసే సన్నని కోతలు కలగాపులగమైపోతాయి. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకొని, ముందుగా ప్రీమియర్ పాట, ఆ తరువాత పికిల్స్ పాట వినమని నా సలహా.