కారు ఛార్జర్‌కి భూమిలోంచి కేబుల్: పనికి 4 స్టార్లు, టైల్స్‌కి సున్నా

మాది విజయవాడ శివార్లలో ఇండిపెండెంట్ ఇల్లు. మీటరు గేటు పక్కన, కారు షెడ్డు పెరట్లో, రెండింటికీ మధ్య 38 మీటర్లు. 7.2 కిలోవాట్ల ఛార్జర్ షెడ్డులో పెట్టాలంటే కేబుల్ నేలలోంచే పోవాలి. మొదట వచ్చిన ఎలక్ట్రీషియన్ చూడగానే "అడుగు లోతు తవ్వి పీవీసీ పైపులో ఇంటి వైరే లాగేద్దాం సార్, సాయంత్రానికి అయిపోద్ది" అన్నాడు. మా పెరట్లో పందికొక్కులు నీళ్ల పైపునే కొరికేసిన చరిత్ర ఉంది, అందుకని ఇంకొకర్ని వెతుక్కున్నాను. ఈ రివ్యూ ఆ రెండో కాంట్రాక్టర్ గురించి. పేరు మాత్రం రాయను, కింద చెప్పబోయే గొడవ ఇంకా తేలలేదు.

నచ్చిందేంటంటే ఆయన రాగానే రేటు చెప్పలేదు, టేపు తీశాడు. నేను 6 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ చాలనుకున్నా. "గీజరైతే పావుగంటకి కట్టేస్తారండి, ఇది 32 ఆంపియర్లు గంటల తరబడి లాగుతూనే ఉంటది" అని 10 వేయమన్నాడు. రాత్రి కూర్చుని లెక్క చూసుకుంటే నిజమే, 6 అయితే ఈ దూరానికి దాదాపు ఏడున్నర వోల్టులు దారిలోనే పోతాయి, 10 అయితే నాలుగున్నర. తెచ్చింది మూడు కోర్ల ఎక్స్ఎల్‌పీఈ (వేడికి తట్టుకునే ప్లాస్టిక్ తొడుగు) ఆర్మర్డ్ కేబుల్, లోపల ఇనప తీగల చుట్టు ఉంటుంది కాబట్టి పందికొక్కు పళ్లకీ పార దెబ్బకీ తట్టుకుంటుంది. ఆ ఇనప చుట్టుని రెండు చివర్లా గ్లాండ్లు (కేబుల్ చివరని పట్టి ఉంచే బిగింపులు) బిగించి ఎర్త్‌కి కలిపాడు.

తవ్వకానికి జేసీబీ వద్దన్నాడు, పైగా మెయిన్ కట్టేస్తే గానీ గునపం దింపనివ్వనన్నాడు. ఫ్యాను లేక నాన్నగారు గంటసేపు విసుక్కున్నారు. సరిగ్గా బోరు దగ్గరికి వచ్చేసరికి పార అంచు ఠక్కుమని తగిలింది, చూస్తే ఎప్పుడో ఎవరో అడుగు లోతులో పాతిపెట్టిన మోటారు వైరు, పైపు చిట్లి వైరు తొక్క గీసుకుపోయి లోపలి రాగి మెరుస్తోంది. నాన్నగారు ఇంక ఫ్యాను మాట ఎత్తలేదు.

లోతు విషయంలో ఐఎస్ 1255 (కేబుళ్లు వేసే పనికి భారత ప్రమాణం) ప్రకారం ఇలాంటి లో వోల్టేజీ కేబుల్‌కి 75 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. కూలీలు రెండడుగులకి రాళ్లు తగిలాయని ఆగిపోతే టేపు దింపి చూపించి మళ్లీ తవ్వించాడు. అడుగున మూడంగుళాల ఇసుక, దాని మీద కేబుల్, మళ్లీ ఇసుక, పైన అడ్డంగా ఇటుకలు, ఇంకొంచెం మట్టి పోశాక ఎర్ర వార్నింగ్ టేపు. మాది నల్లమట్టి, ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలిస్తుంది, రాళ్లున్న ఆ మట్టినే నేరుగా కేబుల్ మీద పోస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. కారు ఎక్కే చోట ఇంకాస్త లోతుగా హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపులోంచి తీసుకెళ్లాడు, షెడ్డు గోడ దగ్గర కేబుల్‌ని మడతపెట్టకుండా జానెడు వంపుతో పైకి లేపాడు. అన్నిటికన్నా ముఖ్యం, నేను ఆఫీసు నుంచి వచ్చి ఫోటోలు తీసుకునేదాకా మట్టి కప్పనివ్వలేదు.

ఇక తిట్లు. రెండు రోజులు ఆలస్యంగా వచ్చారు, సరే. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) మాత్రం ‘ఏసీ’ (AC) టైపుది తెచ్చారు. దాని మీద ఒక్క అల గుర్తే ఉంది, ‘ఏ’ (A) టైపుకైతే ఆ అల కింద సగం అలలు కూడా ఉంటాయి. కారు ఛార్జింగ్‌కి కనీసం ‘ఏ’ టైపు, 30 మిల్లీఆంప్స్ ఉండాలి (మా ఛార్జర్‌లో డీసీ లీకేజీని కనిపెట్టే ఏర్పాటు ఉంది కాబట్టి ‘ఏ’ టైపు సరిపోయింది, మీ దాంట్లో లేకపోతే బీ టైపు గురించి అడగండి). "ఇదే అందరికీ వేస్తున్నామండి" అన్నాడు, ఆ మాటకే నాకు టెన్షన్ మొదలైంది. గట్టిగా అడిగితే మార్చాడు. మరి అడగని వాళ్ల ఇళ్లలో?

చివర్లో మెగ్గర్ (వైరు తొడుగు ఎక్కడైనా దెబ్బతిందేమో చూసే మీటరు) పెట్టి చూపించాడు, విడిగా ఎర్త్ పిట్ రీడింగ్ 3 ఓమ్‌లలోపే వచ్చింది. మొత్తం 46,000 అయింది. కరెంటాఫీసులో లోడు పెంచుకునే ఖర్చు దీనికి అదనం.

టైల్స్ సంగతి. పగలగొట్టిన పదకొండు టైల్స్ మళ్లీ వేయడం ఒప్పుకున్న రేటులోనే ఉంది. వేశారు, రంగు కలవలేదు, పైగా మట్టిని సరిగా దిమ్మిస కొట్టకపోవడంతో మొదటి వానకే నాలుగు కుంగిపోయాయి. ఫోన్ చేస్తే "సోమవారం వస్తామండి" అంటున్నారు. మూడు సోమవారాలు అయిపోయాయి.