ఆదివారం స్టార్టింగ్ మానేశాక: బ్యాటరీ ఛార్జర్‌తో ఏడాదిన్నర

2023 అక్టోబరులో బెంగళూరు మెట్రో పర్పుల్ లైన్ పూర్తయింది. కాడుగోడిలో ఎక్కితే ఎం.జి. రోడ్డులో దిగొచ్చు, మధ్యలో బస్సు మారే బాధ లేదు. ఆ రోజు నుంచి మా పెట్రోలు కారు బేస్‌మెంటులో పడుకుంది. దసరాకీ సంక్రాంతికీ చింతామణి మీదుగా మదనపల్లె వెళ్ళడానికే బయటికి తీస్తాం. అలాగని అమ్మబుద్ధి కాదు.

ఇంజన్ పట్టేస్తుందేమోనని ప్రతి ఆదివారం కిందికి వెళ్ళి, స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలుంచి ఆపేసి వచ్చేవాణ్ణి. మా అపార్ట్‌మెంటులో సగంమంది చేసేది ఇదే. ఎనిమిది నెలలకే బ్యాటరీ చచ్చింది. చూడ్డానికొచ్చిన మెకానిక్ కోలారు వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడతాడు. ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూపించాడు. చిలికిన మజ్జిగ మీద తేలిన వెన్నలాగా పసుపు కలిసిన తెల్లటి జిగురు. "వారం వారం లేపుతున్నారు, అన్నం పెట్టకుండా పడుకోబెడుతున్నారు సార్" అన్నాడు.

పెట్రోలు మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజన్, ఆయిల్ బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే సైలెన్సర్‌లో, ఆయిల్‌లో నీరై మిగిలిపోతుంది. పైగా చల్లటి ఇంజన్‌లో మండకుండా మిగిలిన పెట్రోలు కాస్త ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది.

బ్యాటరీ లెక్క ఇంకా దారుణం. కారు ఆపి ఉన్నా గడియారం, రిమోట్ లాక్, అలారం కరెంటు లాగుతూనే ఉంటాయి. మా కారులో మీటరు పెట్టి చూస్తే 30 మిల్లీఆంపియర్లు. వారానికి 5 ఆంపియర్-అవర్లు. మా బ్యాటరీ మొత్తం 35. ఐదు నిమిషాల ఐడ్లింగ్‌లో తిరిగి ఎక్కేది 1 ఎక్కితే గొప్ప.

అలా 2024 జూన్‌లో కొత్త బ్యాటరీతోపాటు 4 ఆంపియర్ల ఆటోమేటిక్ ఛార్జర్ కొన్నాను. 14.4 వోల్టుల దాకా ఎక్కించి, నిండాక 13.5 దగ్గరికి దిగి అలా పట్టుకుని ఉంటుంది. నేను నెలకు రెండుసార్లు శుక్రవారం రాత్రి తగిలించి శనివారం తీస్తాను. తీసిన కొన్ని గంటల తర్వాత చూస్తే 12.7 ఉంటోంది, ఇప్పటిదాకా 12.4 కిందికి పోలేదు. ప్లస్ క్లిప్పు బ్యాటరీకి, మైనస్ క్లిప్పు బ్యాటరీకి దూరంగా బాడీ ఇనుముకి పెడతాను. అసోసియేషన్ వాళ్ళని ఒప్పించి బేస్‌మెంటులో ప్లగ్గు సంపాదించడం మాత్రం కారు కొన్నదానికంటే కష్టమైంది.

నచ్చనివి రెండు. కరెంటు పోయి వస్తే ఇది తనంతట తాను మొదలుపెట్టదు, మళ్ళీ బటన్ నొక్కాలి. వానాకాలంలో వైట్‌ఫీల్డ్ వైపు కరెంటు సంగతి తెలిసిందేగా. రాత్రంతా ఎక్కిందనుకుని పొద్దున వెళ్తే లైటు ఆరిపోయి ఉండేది. రెండోది, పూర్తిగా చచ్చిన బ్యాటరీని అసలు గుర్తే పట్టదు. పక్క ఫ్లాట్ అంకుల్ కారుకి పెట్టి చూశాం, ఎర్ర లైటు తప్ప ఏమీ రాలేదు.

ఇంజన్‌కి ఛార్జర్ చేసేదేమీ లేదు, దానికి రోడ్డే కావాలి. ఛార్జర్ తీసిన శనివారం ఉదయం ఆరింటికి హోస్కోటె దాకా వెళ్ళి వస్తాను, దాదాపు ముప్పావుగంట. ఊరికే తిప్పడం కాదు, కాస్త వేగంగా. ఏసీ కూడా వేస్తాను. కిలోమీటర్లు తిరక్కపోయినా ఏడాదికోసారి ఆయిల్ మారుస్తున్నాను. మొన్న మూత విప్పితే లోపల శుభ్రంగా ఉంది. టైర్లలో గాలి 33 నుంచి 37కి పెంచాను. ఇప్పటి పెట్రోల్‌లో కలిసే ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుందని ట్యాంకు ఖాళీగా వదలను. హ్యాండ్‌బ్రేక్ వేయడం మానేశాను, గేర్‌లో పెట్టి చక్రాలకి చెక్క ముక్కలు అడ్డం పెడతాను. ఓ వానాకాలం వెనక బ్రేకులు పట్టేసి, కదిలించగానే ఠక్కుమని శబ్దమొచ్చింది. సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు.

ఎలుకల విషయంలో మాత్రం ఓడిపోతున్నాను. పొగాకు కట్ట పెట్టాను, నాఫ్తలీన్ ఉండలు పెట్టాను. వైపర్ నీళ్ళ పైపు రెండుసార్లు కొరికేశాయి. కారుకి కప్పిన కవరే వాటికి చీకటి గదిలా పనికొస్తోందని అనుమానమొచ్చి తీసేశాను. దాన్ని ఊరికి పంపిస్తే నాన్న చెనిక్కాయల మూటల మీద కప్పుకున్నారు.