ఆఫ్రికన్ సిక్లిడ్ ట్యాంకుకి ఏది మేలు: గుల్ల గ్రిట్టా, తాండూరు బండా, పగడపు ముక్కలా?

ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్ చేపలకి పీహెచ్, కఠినత్వం ఎక్కువగా ఉండే నీళ్లు కావాలి, ఈ మూడూ నీళ్లని అలా మార్చడానికి ట్యాంకులో వేసేవే. ముందు ఒక మాట. మీ ఇంట్లో బోరు నీళ్లు వాడుతూ, బకెట్లకీ కుళాయిలకీ తెల్లటి పొర కడుతూ ఉంటే మీకు ఇవేవీ అక్కర్లేదు, ఆ నీళ్లే చాలా వరకు ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలకి సరిపోతాయి. ఇది ఆర్ఓ క్యాన్ నీళ్లు పోసేవాళ్ల కోసం, వాన నీళ్లు పట్టి వాడేవాళ్ల కోసం, ఈ వారం ఒక రకం వచ్చే వారం ఇంకో రకం ట్యాంకర్ నీళ్లు వచ్చే అపార్ట్‌మెంట్ల వాళ్ల కోసం.

నేనూ మొదట్లో 20 లీటర్ల క్యాన్లు తెప్పించి పోసినవాడినే. మనం తాగే నీళ్లు కదా, చేపలకి ఇంకా మంచిది అనుకున్నాను. 200 లీటర్ల ట్యాంకు, అందులో మలావీ సరస్సుకి చెందిన పసుపు సిక్లిడ్లు, ఎనిమిది ఎల్లో ల్యాబ్‌లు. రెండు నెలలకి అవి రెక్కలు ముడుచుకుని ఒక మూలకి చేరిపోయాయి, మేత వేసినా పైకి రాలేదు. కిట్‌తో చూస్తే పీహెచ్ 6.2, కేహెచ్ (కార్బొనేట్ కఠినత్వం) అయితే మొదటి చుక్కకే నీలం రాకుండా నేరుగా పసుపు రంగు. అంటే నీళ్లలో పీహెచ్‌ని పట్టి ఉంచే బైకార్బనేట్ దాదాపు అయిపోయింది. ఫిల్టర్‌లో బాక్టీరియా చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే ప్రతిసారీ ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లాన్ని అణచడానికి కేహెచ్ ఖర్చవుతూ ఉంటుంది. ఆర్ఓ నీళ్లలో ఖర్చు పెట్టడానికి ఏమీ ఉండదు కాబట్టి పీహెచ్ జారిపోతుంది. మలావీ సరస్సులో పీహెచ్ 7.7 నుంచి 8.6 దాకా, కేహెచ్ ఆరేడు డిగ్రీలు ఉంటుంది. ఆ చేపలు నా ట్యాంకులో ఎంత అవస్థ పడ్డాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సరే, ఏం వేయాలి? అందరూ మొదట చెప్పేది పగడపు ముక్కలు. పని చేస్తాయి, కాదనను. కానీ మన దేశంలో రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, సముద్రం నుంచి ఏరడం, అమ్మడం నేరం. షాపులో ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా అది ఎక్కడి నుంచి వచ్చిందో మనకి తెలియదు. ఐదారు చేపల కోసం పగడపు దిబ్బని కొల్లగొట్టే పనిలో నేను భాగం కాను. పైగా అలా కోరల్ శాండ్ అని నాకు ఒక షాపులో అంటగట్టింది తీరా చూస్తే ఉత్త తెల్ల ఇసుక, వెనిగర్ పోస్తే ఒక్క బుడగ రాలేదు.

ఆ వెనిగర్ పరీక్ష మాత్రం అందరూ నేర్చుకోవాలి. రాయి మీద నేరుగా పోస్తే చాలాసార్లు ఏమీ కనిపించదు. చాకుతో రాయిని గీకండి, రాలిన పొడి మీద రెండు చుక్కలు వేసి కళ్లు దగ్గరగా పెట్టి చూడండి. సున్నపురాయి అయితే పొడి చుట్టూ సన్నటి నురగ లేస్తుంది, సోడా గ్లాసు అంచున కనిపించే బుడగల్లాంటివి. ఏమీ రాకపోతే ఆ రాయి అందానికే.

ఈ పరీక్షలో తాండూరు బండ పాసవుతుంది. షాబాదు బండ, నల్ల కడప బండ, బేతంచర్ల రాయి కూడా అంతే, అన్నీ సున్నపురాళ్లే, మన ఇళ్లలో నేలకి వేసినవే. కొత్తగా ఇల్లు కడుతున్న చోట అడిగితే విరిగిన ముక్కలు ఊరికే ఇస్తారు. పాలిష్ పెట్టనివీ, సిమెంటు అంటనివీ తెచ్చుకుని ఒకదాని మీద ఒకటి పేర్చి గుహలు కడితే ఎంబూనా చేపలకి (రాళ్ల మధ్య బతికే మలావీ సిక్లిడ్లకి) అంతకంటే మంచి ఇల్లు లేదు. కానీ కఠినత్వం పెంచడానికి వీటిని నమ్ముకోవద్దు. పది కిలోల బండలు పేర్చి నెల రోజులు చూశాను, కేహెచ్ ఒక్క డిగ్రీ కూడా సరిగ్గా కదల్లేదు. కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక డిగ్రీ అంటే లీటరుకి 17.9 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్. 200 లీటర్లలో మూడు డిగ్రీలు పెరగడానికి కరగాల్సింది 11 గ్రాములే! కాబట్టి ఎన్ని కిలోలు వేశామన్నది ముఖ్యం కాదు, నీళ్లు ఎంత ఉపరితలాన్ని తాకుతూ పోతున్నాయన్నదే ముఖ్యం. గట్టి బండకి ఆ ఉపరితలం చాలా తక్కువ.

అందుకే నా ఓటు గుల్ల గ్రిట్‌కి. కోళ్ల దాణా షాపులో దొరుకుతుంది, గుడ్డు పెంకు గట్టిపడాలని కోళ్లకి పెట్టే పొడిచేసిన ఆల్చిప్పలు. మందులూ ఖనిజాలూ కలపని ఉత్త గుల్లే కావాలని అడిగి తీసుకోండి. బియ్యం కడిగినట్టు ఏడెనిమిది సార్లు కడగాలి, మొదట్లో నీళ్లు పాలలా వస్తాయి. అర కిలో తీసుకుని నెట్ సంచిలో కట్టి ఫిల్టర్‌లో నీళ్లు బలంగా పారే చోట పెట్టాను, పది రోజుల్లో కేహెచ్ ఆరుకి వచ్చింది, పీహెచ్ 7.8 దగ్గర ఆగింది. అలా ఆగడమే ఇందులో గొప్ప. నీళ్లు ఆమ్లంగా ఉంటే గుల్ల త్వరగా కరుగుతుంది, పీహెచ్ ఎనిమిది దగ్గరపడేకొద్దీ కరగడం దాదాపు ఆగిపోతుంది, కాబట్టి ఎక్కువ వేశామేమోనని టెన్షన్ పడక్కర్లేదు. అదే గ్రిట్‌ని అడుగున ఇసుకలా పరిస్తే సగం పని కూడా చేయదు, పైన మురికి పేరుకుని నీళ్లు లోపలికి పోవు.

గుడ్డు పెంకులు వద్దు, లోపలి పొర కుళ్లి వాసన వస్తుంది. లవ్ బర్డ్స్‌కి పెట్టే సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) చిన్న ట్యాంకుకి పర్వాలేదు, నాని మునిగేదాకా తేలుతూ ఉంటుంది అంతే. రొయ్యల చెరువుల్లో చల్లే డోలమైట్‌లో మెగ్నీషియం కూడా ఉంటుంది కానీ గుల్ల కంటే నిదానంగా కరుగుతుంది. సున్నం మాత్రం చిటికెడు కూడా వేయొద్దు. తాంబూలం సున్నమైనా, గోడల సున్నమైనా పీహెచ్ ఒక్కసారిగా ఎగిరి చేపలు పోతాయి.

ఆఫ్రికాలోనే ఇంకో సరస్సు టాంగన్యికా, అక్కడి చేపలు పెంచేవాళ్లకి గుల్ల ఒక్కటే చాలదు. అక్కడ పీహెచ్ తొమ్మిది దగ్గర, కేహెచ్ 16 పైనే. నీళ్లు మార్చే డ్రమ్ములో వంట సోడా కొలిచి కలుపుకోవాల్సిందే. షెల్ డ్వెల్లర్లు (ఖాళీ గుల్లల్లో కాపురం ఉండే చిన్న సిక్లిడ్లు) ఉంటే మాత్రం చెరువు గట్టున దొరికే ఖాళీ నత్త గుల్లలు ఉడకబెట్టి వేయండి, సాయంత్రానికల్లా ఒక్కో చేప ఒక్కో గుల్లని సొంతం చేసుకుని గుమ్మం ముందు ఇసుక తవ్వుకుంటూ కనిపిస్తుంది. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు.

ఇంకో జాగ్రత్త. వారం వారం మూడో వంతు ఆర్ఓ నీళ్లు పోస్తే కేహెచ్ ఆ రోజు పడిపోతుంది, గుల్ల మళ్లీ దాన్ని లేపేసరికి రోజులు పడుతుంది. నేను పోయబోయే నీళ్లని రెండు మూడు రోజుల ముందే డ్రమ్ములో పట్టి, అందులో ఇంకో గ్రిట్ సంచి వేసి ఎయిర్ పంపు పెడతాను. ఫిల్టర్‌లోని సంచిని నెలకోసారి తీసి ట్యాంకు నీళ్లలోనే పిండుతాను. చేతికి గుచ్చుకునే అంచులు నునుపెక్కి, వేళ్ల మధ్య నలిపితే పిండిలా రాలుతున్నాయంటే కొత్త గుప్పెడు కలపాల్సిన సమయం వచ్చినట్టు.