ఇన్ విట్రో, ఇన్ వివో: ఏ ఫలితానికి ఎక్కువ విలువ?

పసుపులోని కుర్కుమిన్ క్యాన్సర్ కణాలను చంపిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ, అందులో ‘ఇన్ విట్రో’ అన్న మాట చూసి, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చని పాఠకులు అడుగుతున్నారు. లాటిన్‌లో ‘విట్రుమ్’ అంటే గాజు, ‘వివుస్’ అంటే ప్రాణమున్నది. అందువల్ల గాజుపాత్రలో చేసినది ఇన్ విట్రో, ప్రాణమున్న దేహంలో చేసినది ఇన్ వివో. ఇప్పుడు ఆ పాత్రలు చాలావరకు ప్లాస్టిక్‌వే అయినా పేరు మారలేదు.

వేల రసాయనాలను తక్కువ ఖర్చుతో జల్లెడ పట్టడానికీ, ఒక మందు కణంలో ఎక్కడ పనిచేస్తోందో తేల్చడానికీ ఇన్ విట్రోకు సాటి లేదు. అయితే మందు కణాన్ని ఏం చేస్తుందన్నది సగం ప్రశ్నే. దేహం ఆ మందును ఏం చేస్తుందన్నది మిగతా సగం. నా దృష్టిలో నిర్ణాయకమైనది ఈ రెండోదే. ప్రొంటోసిల్ అనే ఎర్రని అద్దకపు రంగు పరీక్షనాళికలో బ్యాక్టీరియాను ఏమీ చేయలేకపోయింది గానీ, జర్మనీలో గెర్హార్డ్ డొమాక్ అనే శాస్త్రవేత్త దాన్ని స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా సోకిన ఎలుకలకు ఇచ్చినప్పుడు అవి బతికాయి. దేహంలో ఆ రంగు విడిపోయి సల్ఫానిలమైడ్‌గా మారుతుందనీ, అసలు మందు అదేననీ 1935లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు చూపారు. తీర్పు పరీక్షనాళికకే వదిలేసి ఉంటే ప్రొంటోసిల్ చెత్తబుట్టలోకి పోయేది.

దీనికి విరుద్ధంగానూ జరుగుతుంది. 2020లో కోతి మూత్రపిండ కణాలలో కరోనా వైరస్‌ను అడ్డుకున్న మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్, బ్రిటన్‌లో రోగులపై జరిగిన ‘రికవరీ’ అనే పెద్ద పరీక్షలో ఆసుపత్రి రోగుల మరణాలను తగ్గించలేకపోయింది. కుర్కుమిన్‌దీ అదే ఇబ్బంది: పేగులు దాన్ని చాలా కొద్దిగానే గ్రహిస్తాయి, గ్రహించినది కూడా త్వరగా మార్పు చెంది బయటికి పోతుంది, కాబట్టి పాత్రలో కణాలకు తగిలినంత మోతాదు రక్తంలో ఉంటుందని అనుకోలేము.



నా మొగ్గు ఇన్ వివో వైపే అయినా, అది మనిషి దేహమో జంతువు దేహమో ‘ఇన్ వివో’ అన్న మాట చెప్పదు. ఒకప్పుడు గర్భిణులకు వేవిళ్లు తగ్గడానికి ఇచ్చిన థాలిడొమైడ్ అనే మందు మనుషుల్లోనూ కుందేళ్లలోనూ గర్భస్థ పిండాల అవయవాలను వికలం చేసింది; ఎలుకల్లో మాత్రం ఆ హాని అంతగా బయటపడలేదు.